దీవుల్లో అడవి తరిగితే నష్టమెంత? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో సాలమన్ దీవులు, ఫిజీ, హైతీ, మారిషస్, కొమొరోస్ దేశాల అడవి తరుగును జాతీయాదాయంలో శాతంగా చూపిస్తూ ఒక పట్టిక వేశాం. సాలమన్ దీవులకు అన్నిటికంటే పెద్ద అంకె, మారిషస్‌కు సున్నాకు దగ్గరి అంకె వచ్చాయి. ఆ పట్టిక మీద హైదరాబాద్ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహం అడిగినవాటిని కలిపి, లెక్క వేసేవారికి పనికొచ్చే ప్రశ్నలకు ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: పట్టిక ప్రకారం మారిషస్ తన అడవిని చక్కగా కాపాడుకుంటున్నట్టేనా?
– ఎం.ఏ. విద్యార్థిని, తార్నాక

జవాబు: కాదు. ఆ అంకె ఆ ఒక్క ఏడాది కోత గురించే చెబుతుంది, ఎంత అడవి మిగిలిందో చెప్పదు. ‘నికర అటవీ తరుగు’ను ప్రపంచ బ్యాంకు ఇలా లెక్కిస్తుంది: ఏడాదిలో నరికిన మొత్తం కలపలోంచి (వంటచెరకు కూడా ఇందులోకే వస్తుంది) అదే ఏడాది అడవి సహజంగా పెరిగిన పరిమాణాన్ని తీసేస్తారు. మిగిలిన అదనపు కోతను ఘనమీటరుకు వచ్చే నికర మిగులుతో (ధరలోంచి ఖర్చులు పోగా మిగిలేది) గుణిస్తారు. పెరుగుదలే ఎక్కువైతే తరుగు సున్నా అని వేస్తారు. అంటే అడవిని పొదుపుగా వాడుకునే దేశానికీ, నరకడానికి అడవే మిగలని దేశానికీ పడేది అదే సున్నా.

మారిషస్ రెండో రకం. 1638లో డచ్చివారు స్థావరం వేసి ఎబొనీ కలప కోసం నరకడం మొదలుపెట్టారు. తర్వాత ఫ్రెంచివారు, ఆంగ్లేయులు చెరకు తోటల కోసం చదును చేసుకుంటూ పోయారు. మంచి స్థితిలో ఉన్న స్థానిక అడవి ఇప్పుడు దీవి విస్తీర్ణంలో 2 శాతం కూడా లేదు. జాతీయ లెక్కలనేవే లేని రోజుల్లో జరిగిన నష్టం కాబట్టి ఈనాటి ఏ గడిలోనూ అది కనిపించదు. కేవలం కోత విలువతో దీవులను వరుసగా నిలబెడితే, అడవిని ఎప్పుడో పోగొట్టుకున్న దీవి పైవరుసలోకి వస్తుంది. అలాంటి వరుసను ఎవరూ నమ్మకూడదు. అందుకే తరుగు శాతం పక్కన మనిషికి మిగిలిన సహజ అడవి ఎంత, మొత్తం భూమిలో సహజ అడవి వాటా ఎంత అనే రెండు నిలవ అంకెలు తప్పనిసరిగా ఉండాలి. మా పట్టికలో అవి లేవు, ఉండాల్సింది.

ప్రశ్న: తరుగు విలువ కట్టే సూత్రాన్ని అంకెలతో చూపగలరా? తరగతిలో చెప్పడానికి కావాలి.
– అర్థశాస్త్రం లెక్చరర్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఒక ఊహా దీవిని తీసుకుందాం. ఏడాది కోత 5 లక్షల ఘనమీటర్లు, సహజ పెరుగుదల 2 లక్షలు. అదనపు కోత 3 లక్షలు. ఓడ ఎక్కే దగ్గర దుంగ ధర ఘనమీటరుకు 100 డాలర్లు. నరకడం, ఈడ్చడం, బాట వేయడం, రేవుకు చేర్చడం, పెట్టుబడికి మామూలు లాభం అన్నీ కలిపి ఖర్చు 60 డాలర్లు. మిగిలిన 40 డాలర్లు అడవి తనంతట తాను ఇచ్చినది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే భాటకం అంటారు. 3 లక్షలను 40తో గుణిస్తే 1.2 కోట్ల డాలర్లు. జాతీయాదాయం 100 కోట్ల డాలర్లయితే తరుగు 1.2 శాతం.

లెక్క ఇంతే. తప్పులు దొర్లేది లోపలికి వెళ్లే అంకెల్లో. పెరుగుదల అంచనా అన్నిటికంటే బలహీనం. చేయి పడని అడవి పెరిగే వేగాన్ని బుల్డోజర్లు తొక్కిన అడవికి పెట్టేస్తుంటారు. పై ఉదాహరణలో 2 లక్షల బదులు 3 లక్షలని వేస్తే తరుగు 0.8 శాతానికి పడిపోతుంది. క్షేత్రంలో మాత్రం ఏమీ మారలేదు. కోత అంకెతో ఇంకో చిక్కు ఉంది. అది సాధారణంగా ఎగుమతి లెక్కల నుంచి వస్తుంది. ఒక పెద్ద చెట్టు పడేటప్పుడు పక్కనున్నవి విరుగుతాయి, తీగలు లాగి మరికొన్నిటిని పడేస్తాయి, ఈడ్చే దారిలో మొక్కలు నలిగిపోతాయి. ఇవేవీ ఓడ ఎక్కవు కాబట్టి లెక్కకూ ఎక్కవు. వీటికి ఎగుమతి ధర పెట్టకూడదు. నిలవలోంచి మాత్రం తీసేయాలి, వచ్చే ఏళ్ల పెరుగుదలను ఆ మేరకు తగ్గించాలి.

విద్యార్థులకు రెండో పద్ధతి కూడా చూపండి. అడవిని గనిలా తవ్వుకుపోతున్న చోట అదే ఎక్కువ అతుకుతుంది. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన ఈజిప్టు ఆర్థికవేత్త సలాహ్ ఎల్ సెరఫీ 1989లో ప్రతిపాదించిన ‘వాడకపు ఖర్చు’ పద్ధతి అది. మిగులు మొత్తాన్నీ నష్టమనరు, మొత్తాన్నీ ఆదాయమనరు. ఈ వేగంతో అడవి ఇంకా n ఏళ్లు వస్తుందనుకుంటే, మిగులులో పెట్టుబడి తరుగు వాటా = 1 ÷ (1 + వడ్డీ రేటు) పై ఘాతం (n + 1). వడ్డీ 5 శాతం, 10 ఏళ్ల అడవి అయితే తరుగు వాటా 58 శాతం. అంటే వంద డాలర్ల మిగులులో 42 డాలర్లే ఖర్చు చేసుకోదగ్గ ఆదాయం. 58 డాలర్లు మరో చోట పెట్టుబడి పెడితేనే అడవి పోయాక కూడా అదే ఆదాయం నిలుస్తుంది. అడవి 30 ఏళ్లు వచ్చేలా ఉంటే తరుగు వాటా 22 శాతానికి దిగుతుంది. ఈ n అనే అంకె ప్రభుత్వాలకు నచ్చదు, ఎందుకంటే దాన్ని చెప్పాలంటే నిలవ ఎంతో ఒప్పుకోవాలి.

ప్రశ్న: ఎగుమతి సుంకం, రాయల్టీ వస్తున్నప్పుడు దాన్ని నష్టమని ఎలా అంటాం?
– బ్యాంకు ఉద్యోగి, మియాపూర్

జవాబు: వచ్చినది ఎంత, పోయినది ఎంత అని పక్కపక్కన పెడితే తెలుస్తుంది. సాలమన్ దీవుల్లో 2017లో దుంగల ఎగుమతి 30 లక్షల ఘనమీటర్లు దాటింది. దాదాపు 7 లక్షల జనాభా ఉన్న దేశం అది. మనిషికి నాలుగు ఘనమీటర్లకు పైగా కలప ఒక్క ఏడాదిలో ఓడలెక్కింది, అందులో అత్యధిక భాగం చైనాకు. అడవి తట్టుకోగల కోతకు ఇది ఎన్నో రెట్లు. అక్కడి భూమి ఎక్కువ శాతం ఆచారం ప్రకారం వంశాల ఉమ్మడి ఆస్తి. ఎగుమతి ధరను స్థూలంగా పంచుకునే తీరు ఇలా ఉంటూ వచ్చింది: నరికే కంపెనీకి 60 శాతం, ప్రభుత్వానికి సుంకంగా 25 శాతం, భూమి హక్కుదారులకు రాయల్టీగా 15 శాతం. వంశం తరఫున సంతకం పెట్టిన కొద్దిమంది చేతుల్లోనే ఆ 15 శాతం ఆగిపోవడం పెద్ద సమస్య.

ఇక ధర సంగతి. సుంకమూ రాయల్టీ ఇన్‌వాయిస్‌లో రాసిన ధర మీదే లెక్క కడతారు. కొనే కంపెనీ, అమ్మే కంపెనీ ఒకే గుంపుకు చెందినవైతే ధర తగ్గించి రాసుకోవడం తేలిక. పాపువా న్యూ గినీలో న్యాయమూర్తి థామస్ బార్నెట్ 1987–89 మధ్య జరిపిన విచారణ బయటపెట్టింది ఇదే. ఆ తర్వాత 1994 నుంచి అక్కడ ఎస్‌జీఎస్ అనే సంస్థ ఓడ ఎక్కే ముందు దుంగల జాతి, కొలత, ధర సరిచూస్తోంది. ఇంతకుముందు చెప్పిన ఊహా దీవిలో 100 డాలర్ల దుంగను 80 అని రాస్తే మిగులు 40 నుంచి 20కి పడుతుంది. ధర అయిదో వంతు తగ్గింది, తరుగు మాత్రం సగమైపోయింది: 1.2 శాతం కాస్తా 0.6 శాతం. అంటే దొంగ లెక్కలు ఎక్కువగా ఉన్న దేశమే పట్టికలో మంచి దేశంగా కనిపిస్తుంది. దీనికి విరుగుడు, దిగుమతి చేసుకున్న దేశపు కస్టమ్స్ అంకెలను తెచ్చి, ఓడ కిరాయి, బీమా తీసేసి పోల్చుకోవడమే.

శాతం తీసేటప్పుడు కింద దేన్ని పెడుతున్నామో కూడా చూడాలి. విదేశీ కంపెనీ లాభం స్థూల దేశీయోత్పత్తిలో ఉంటుంది, జాతీయాదాయంలో ఉండదు. కిరిబాటి, తువాలు లాంటి దేశాల్లో విదేశీ ఓడల చేపలవేట లైసెన్సుల సొమ్ము వల్ల జాతీయాదాయం దేశీయోత్పత్తి కంటే బాగా పెద్దది. దేశాలన్నిటికీ ఒకే హారం వాడకపోతే పోలిక చెడుతుంది.

ప్రశ్న: కలప తప్ప మిగతా నష్టాలు, అంటే నీళ్లు, చేపలు, తుపాను రక్షణ, వీటిని డబ్బులో ఎలా కడతారు? పెద్ద దేశాలకూ దీవులకూ ఇందులో తేడా ఉందా?
– విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు, వనస్థలిపురం

జవాబు: తేడా చాలా ఉంది, అసలు నష్టమూ ఇక్కడే ఉంది. పశ్చిమ కనుమల్లో చెట్టు పడితే ఆ మట్టి గోదావరిలో వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దారిలో మైదానాలు, చెరువులు, ఆనకట్టలు ఆపుకుంటాయి. అగ్నిపర్వత దీవిలో కొండ కొమ్ము నుంచి సముద్రానికి వాగు పొడవు కొన్ని కిలోమీటర్లే. వాన కురిసిన గంటల్లో మట్టి పగడపు దిబ్బ మీద ఉంటుంది. నష్టం చేసేవాళ్లకూ భరించేవాళ్లకూ మధ్య దూరం ఉండదు, పక్క జిల్లా నుంచి నీళ్లో చేపలో తెచ్చుకునే వీలూ ఉండదు.

ముందుగా నీళ్లు. మీకు తెలిసిన విషయమే అయినా చాలామంది తప్పుగా రాసేది ఒకటుంది: అడవి నరికితే ఏడాది మొత్తం ప్రవాహం తగ్గుతుందని. చెట్లు నీళ్లు తాగుతాయి కాబట్టి నరికాక మొత్తం ప్రవాహం పెరగవచ్చు కూడా. పడిపోయేది ఎండాకాలపు ఊట, ఎందుకంటే యంత్రాలు తొక్కిన నేల గట్టిపడి వాన ఇంకదు. కాబట్టి లెక్క ఎండు నెలలకే కట్టాలి. కొమొరోస్‌లోని అంజువాన్ దీవి దీనికి ఉదాహరణ. ఒకప్పుడు ఏడాది పొడుగునా పారిన వాగుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు వానాకాలపు వాగులుగా మారాయి. జనసాంద్రత, వంటచెరకు, కొండవాలు మీద సాగు ఇందుకు కారణాలు. వీటికి తోడు అత్తర్లలో వాడే యిలాంగ్ యిలాంగ్ పూల నూనె తీసే బట్టీల కింద కాల్చేవీ ఎక్కువగా కట్టెలే. విలువ కట్టడం ఇలా: ఎండాకాలపు ఊట రోజుకు 1,000 ఘనమీటర్లు తగ్గిందనుకుందాం. 120 ఎండు రోజులకు 1.2 లక్షల ఘనమీటర్లు. బదులు నీటికి ఘనమీటరుకు 2 డాలర్లు పడితే ఏడాదికి 2.4 లక్షల డాలర్లు. షరతు ఏమిటంటే, ఆ బదులు మార్గం ఉన్నవాటిలో అగ్గువది అయి ఉండాలి, జనం నిజంగా ఆ ధర పెట్టి కొనేవాళ్లయి ఉండాలి. ఎవరూ కట్టని ఉప్పునీటి శుద్ధి ప్లాంటు ధరను వాగుకు తగిలిస్తే అంకె ఘనంగా వస్తుంది గానీ దానికి అర్థం ఉండదు.

చేపల లెక్క ఇంకా జాగ్రత్తగా చేయాలి. కోత కంటే బాటల నుంచే ఎక్కువ మట్టి కొట్టుకొస్తుంది: ఏటవాలు మీద వేసిన మట్టి రోడ్లు, ఈడ్చుడు దారులు, ఒడ్డున మడచెట్లు తీసేసి చేసిన దుంగల కుప్పరేవులు. సాలమన్ దీవుల్లోని కొలొంబంగారాలో జరిగిన అధ్యయనాల్లో ఈ మట్టి చేరిన తీరంలో పెద్ద చిలకచేప పిల్లలు బాగా తగ్గినట్టు తేలింది. నిటారు వాలుల మీద ఎంత మంచి పద్ధతిలో నరికినా మట్టి ఆగదనీ అక్కడే తేలింది. ఊళ్లలో పట్టిన చేప మార్కెట్‌కు రాదు, ఇంట్లోనే తింటారు. కాబట్టి జాతీయ లెక్కల్లో దాదాపు కనబడదు. దానికి బదులు తినే డబ్బా చేప ధర పెట్టాలి. 500 మంది ఊరిలో మనిషికి ఏడాదికి 30 కిలోలు తగ్గి, కిలో బదులు ఆహారం 3 డాలర్లయితే 45 వేల డాలర్లు. చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ కోత మూడు నాలుగేళ్లలో అయిపోతుంది, ఈ నష్టం పాతికేళ్లు సాగుతుంది.

మడ అడవుల తుపాను రక్షణకు మంచి అంకె జమైకా నుంచి ఉంది. అక్కడ హెక్టారు మడ అడవి ఏటా 2,500 డాలర్లకు పైగా వరద నష్టాన్ని ఆపుతోందని 2019లో ప్రపంచ బ్యాంకు తేల్చింది. ఆ అంకెను ఎత్తుకెళ్లి ఏ దీవికైనా అతికించేస్తుంటారు. జమైకాలో మడ వెనకాల ఇళ్లు, రోడ్లు, కట్టడాలు ఉన్నాయి, విలువ వాటిది. వెనకాల ఖాళీ తీరం ఉంటే ఈ అంకె సున్నాకు దగ్గరగా రావాలి. అప్పుడు ఆ మడకు చేపపిల్లల పెంపకం విలువ వేరే లెక్కలో చూపాలి.

ఒకే నష్టాన్ని రెండు సార్లు రాయకుండా చూసుకోండి. నిలువు కలప విలువ మొత్తం రాసి, మళ్లీ ఆ కలప నుంచి ఏటా వచ్చే ఆదాయాన్ని కలిపితే అది రెట్టింపు లెక్క.

ప్రశ్న: హైతీలో అడవి 2 శాతమే మిగిలిందని ఒక చోట, 30 శాతం దాకా ఉందని మరో చోట చదివాను. ఏది నిజం?
– డిగ్రీ విద్యార్థి, మెహిదీపట్నం

జవాబు: 2 శాతం అన్నది దశాబ్దాలుగా చేతులు మారుతూ వచ్చిన అంకె, దాని వెనక సరైన కొలత లేదు. 2014లో వచ్చిన ఒక ఉపగ్రహ అధ్యయనం చెట్ల కప్పు 30 శాతం చుట్టూ ఉందని చూపింది. రెండో అంకె నమ్మదగ్గదే, అయితే అది ‘చెట్ల కప్పు’. కాఫీ చెట్ల మీది నీడచెట్లు, మామిడి తోపులు, పొదలు పెరిగిన నేలలు అందులో ఉంటాయి. ఆదిమ అడవి మాత్రం అత్యల్పం.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వచనంలో అడవి అంటే కనీసం అర హెక్టారు నేల, 5 మీటర్లు దాటే చెట్లు, 10 శాతానికి మించిన కప్పు. పామాయిల్ తోటలు, పండ్ల తోటలు అడవి కావు. పగడపు దీవుల్లో కొబ్బరిని ఎలా వర్గీకరించారన్నది ఆ దేశ నివేదికలో చూడకుండా ఎప్పుడూ పోల్చకండి. ఒక్క ఆ నిర్ణయంతోనే అడవి శాతం తలకిందులవుతుంది.

ఉపగ్రహ పటాల్లో ‘చెట్ల కప్పు నష్టం’ అని కనిపించేదంతా నరికివేత కాదు. 2016 ఫిబ్రవరిలో ఫిజీని తాకిన అయిదో శ్రేణి తుపాను విన్‌స్టన్ 44 మందిని బలిగొంది, కొండల కొద్దీ అడవిని పడగొట్టింది. పర్యావరణ ఆర్థిక లెక్కల పద్ధతిలో కోతకు ఒక వరుస, విపత్తు నష్టానికి వేరే వరుస ఉంటాయి. రెండూ కలిపితే ఆ ఏడాది ఫిజీ తన అడవిని తానే నరుక్కున్నట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఒకే దీవిలో ఉన్నాయి. పోలికకు ఇదే సరైన జంట కదా?
– ఉపాధ్యాయురాలు, మల్కాజిగిరి

జవాబు: మంచి జంటే. డొమినికన్ వైపు అధ్యక్షుడు బలగేర్ 1967లో కోత మీద నిషేధం పెట్టి సైన్యంతో అమలు చేయించాడు. తర్వాత వంటగ్యాసుకు రాయితీ ఇచ్చారు. హైతీలో కట్టెబొగ్గే నగరాల వంట ఇంధనంగా మిగిలింది. ఇందులో గమనించాల్సింది, నిషేధానికి తోడు పొయ్యి కిందికి వేరే ఇంధనం వచ్చింది. గ్యాసు రాయితీ ఖర్చును అడవి కాపాడిన ఖర్చుగా రాయవచ్చు.

2004 సెప్టెంబరులో జీన్ తుపాను నేరుగా తాకింది డొమినికన్ రిపబ్లిక్‌ను. అక్కడ మరణాలు వంద లోపే. హైతీలో, ముఖ్యంగా గోనాయీవ్ పట్టణంలో, వరద, బురద కింద సుమారు 3 వేల మంది చనిపోయారు. అయితే ఈ తేడా మొత్తాన్నీ అడవి ఖాతాలో వేయడం తప్పు. పల్లంలో కట్టుకున్న ఇళ్లు, హెచ్చరికలు అందకపోవడం, పేదరికం కూడా అందులో ఉన్నాయి. అడవి వాటా ఎంతో విడదీసి చెప్పలేనప్పుడు ఆ నష్టాన్ని డబ్బు పట్టికలో కలపకుండా వేరే వరుసలో వివరణగా ఉంచడమే నిజాయితీ.

ప్రశ్న: ఈ నష్టాలు కలిపితే వృద్ధి రేటే మారిపోతుందా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: మారుతుంది. చిన్న దీవి కాకపోయినా ఇండోనేషియా ఉదాహరణ గుర్తుంచుకోండి. 1971–84 మధ్య ఆ దేశ వృద్ధి ఏటా 7.1 శాతం అన్నారు. ఆర్థికవేత్త రాబర్ట్ రిపెట్టో బృందం 1989లో చమురు, అడవి, నేల కోత తరుగును తీసేస్తే అది 4 శాతమే అని చూపింది.

ప్రశ్న: భవిష్యత్తు నష్టాన్ని నేటి విలువకు మార్చేటప్పుడు ఎంత రేటు వాడాలి?
– చార్టర్డ్ అకౌంటెన్సీ విద్యార్థి, హిమాయత్‌నగర్

జవాబు: ఏటా లక్ష రూపాయల నష్టం 30 ఏళ్లు జరుగుతుందనుకోండి. 3 శాతం రేటుతో నేటి విలువ 19.6 లక్షలు, 5 శాతంతో 15.4 లక్షలు, 10 శాతంతో 9.4 లక్షలు. రేటు ఎంచుకోవడంతోనే సగం విలువ ఎగిరిపోతోంది. నరికే కంపెనీ 10 దాటిన రేటుతో ఆలోచిస్తుంది. అక్కడే పుట్టి అక్కడే బతకాల్సిన ఊరికి ఆ రేటు పెట్టకూడదు. మా అభిప్రాయం: దేశాలన్నిటికీ ఒకే రేటు పెట్టి, 3, 5, 10 మూడింటితోనూ ఫలితం చూపండి. మూడింటిలోనూ దేశాల వరుస మారకపోతే పోలిక నిలబడినట్టు. మారితే ఏ రేటు దగ్గర మారిందో రాయండి. పాఠకుడికి కావాల్సింది అదే.

ప్రశ్న: కర్బన క్రెడిట్లు అమ్ముకుంటే నరకడం ఆగుతుందిగా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: తగ్గించిన ఉద్గారానికి టన్నుల లెక్కన దొరికే, అమ్ముకోదగ్గ పత్రాలే ఈ క్రెడిట్లు. ధర చూసి మాట్లాడాలి. ఫిజీ 2021లో ప్రపంచ బ్యాంకు అటవీ కర్బన నిధితో ఒప్పందం చేసుకుంది: 25 లక్షల టన్నుల ఉద్గారం తగ్గిస్తే 1.25 కోట్ల డాలర్ల వరకు. అంటే టన్నుకు 5 డాలర్లు.

ఎంపిక చేసి నరికే అడవిలో హెక్టారుకు 15 ఘనమీటర్లు తీస్తారనుకుందాం; ఘనమీటరుకు 40 డాలర్ల మిగులుతో 600 డాలర్లు. తీసిన ప్రతి ఘనమీటరుకూ, విరిగినవాటితో కలిపి, ఒక టన్ను కర్బనం పోతుందనుకుంటే 15 టన్నులు. కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 3.67తో గుణిస్తే 55 టన్నులు. టన్నుకు 5 డాలర్ల చొప్పున 275 డాలర్లు. నరికేవాడి 600 ముందు ఇది చాలదు. సమానం కావాలంటే ధర దాదాపు 11 డాలర్లు ఉండాలి. అదే అడవిని పూర్తిగా చదును చేసి తోట వేసే చోట హెక్టారుకు 150 టన్నుల కర్బనం పోతుందనుకుంటే 550 టన్నులు, 2,750 డాలర్లు. అక్కడ కలప మిగులును 5 డాలర్ల ధర కూడా దాటేస్తుంది. తోట మీద వచ్చే లాభాన్ని దాటుతుందా అన్నది వేరే లెక్క. ఇంకో మాట: డబ్బు ఉన్న అడవికి ఇవ్వరు, ముందే ఒప్పుకున్న స్థాయి కంటే నష్టం తగ్గించినదానికే ఇస్తారు. ఇన్నాళ్లూ నరకని ఊరికి అందేది తక్కువ. ఆ అన్యాయం ఈ పద్ధతిలోనే ఉంది.

ప్రశ్న: పోయిన భూమికి ఏ దీవి అయినా పరిహారం రాబట్టిందా?
– న్యాయవాది, నాంపల్లి

జవాబు: నౌరు. 21 చదరపు కిలోమీటర్ల ఆ దేశంలో ఫాస్ఫేట్ తవ్వకం చెట్లతో పాటు పైమట్టినంతా తీసేసింది. స్వాతంత్ర్యానికి ముందు తవ్విన భూమి గురించి 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1993లో కేసు రాజీ అయింది: 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. ఈ మొత్తాన్ని హెక్టార్లతో భాగించి ‘అడవి విలువ’ అనకండి. అది ఇద్దరు కూర్చుని తేల్చుకున్న రాజీ సొమ్ము, కొలిచిన నష్టం కాదు.

ప్రశ్న: మన గ్రేట్ నికోబార్‌కు ఈ లెక్క వర్తిస్తుందా?
– పక్షి ప్రేమికుడు, కూకట్‌పల్లి

జవాబు: అది దేశం కాదు గానీ దీవే కాబట్టి వర్తిస్తుంది. అక్కడ తలపెట్టిన రేవు, విమానాశ్రయం, పట్టణ ప్రాజెక్టుకు మళ్లించే అడవి 130.75 చదరపు కిలోమీటర్లు, అంటే 13,075 హెక్టార్లు. మన దేశంలో అడవి మళ్లింపుకు సుప్రీంకోర్టు ఆమోదించిన నికర వర్తమాన విలువ (అడవి ముందు ముందు ఇచ్చే మేలును నేటి డబ్బులోకి మార్చిన మొత్తం) రేట్లు 2008లో హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయలు, తర్వాత పెంచారు. పరిమాణం తెలియడానికి పాత గరిష్ఠ రేటుతోనే గుణిస్తే సుమారు 1,364 కోట్లు. ఇది చెల్లించిన మొత్తం కాదు, కేవలం గుణకారం.

ఆ రేట్లు అడవి రకం, సాంద్రత బట్టి దేశమంతటికీ ఒకటే. ఎండాకాలపు వాగు, తీరపు పగడం, తోలువీపు తాబేలు గుడ్లు పెట్టే ఇసుక ఒకే చిన్న నేల మీద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయన్న సంగతి వాటిలో లేదు. బదులుగా మొక్కలు నాటేందుకు చూపింది హర్యానాలో. తరగని మైదానం ఉన్న చోట ఒక అడవికి బదులు ఇంకో అడవి అనే మాటకు కొంత అర్థముంది. దీవి వాగులోకి హర్యానా చెట్లు ఊట పంపలేవు. దీవుల మధ్య పోలికలో పరిహార వనాన్ని జమ వైపు రాయాలంటే అది అదే దీవిలో, అదే వాగు పరీవాహంలో ఉండాలి. లేకపోతే సున్నా వేయాలి.

ప్రశ్న: నెల రోజుల్లో అయిదు దీవులను పోల్చే ప్రాజెక్టు చేయాలి. ఎక్కడ మొదలుపెట్టను?
– పీజీ విద్యార్థి, బేగంపేట

జవాబు: మీ పేటలోనే సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ ఉంది, గ్రంథాలయం వాడుకోవడానికి మీ విభాగాధిపతి ఉత్తరంతో అడగండి. ప్రపంచ బ్యాంకు సూచికల్లో నికర అటవీ తరుగు జాతీయాదాయ శాతంగానూ, డాలర్లలోనూ దొరుకుతుంది. చాలా చిన్న దీవులకు గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీని సున్నాగా నింపకండి. విద్యార్థుల నివేదికల్లో తరచూ జరిగే తప్పు ఇదే. అడవి విస్తీర్ణం ఆహార వ్యవసాయ సంస్థ నివేదిక నుంచి, చెట్ల కప్పు నష్టం 2001 నుంచి 30 మీటర్ల స్పష్టతతో ఉన్న ఉపగ్రహ పటాల నుంచి తీసుకుని రెండింటినీ కలపకుండా వేరు వేరు నిలువు వరుసల్లో పెట్టండి.

మొదటి వారం అంకెలు పోగేయడానికే పోతుంది. ఒక్క ఏడాది కాకుండా అయిదేళ్ల సగటు తీసుకోండి. దుంగల ధర, తుపాన్లు ఏటికేడూ ఊగిపోతాయి. డాలర్లన్నీ ఒకే సంవత్సరపు ధరల్లోకి మార్చండి. ఆ తర్వాత ప్రతి దీవికీ తరుగును మూడు రకాలుగా రాయండి: జాతీయాదాయ శాతం, మనిషికి డాలర్లు, పోయిన హెక్టారుకు డాలర్లు. ఈ మూడూ మూడు వేర్వేరు వరుసలు ఇస్తాయి, ఇవ్వాలి కూడా. నీళ్లు, చేపలు, తీర రక్షణలను అయిదు దీవులకూ లెక్కించే టైము మీకు ఉండదు. కాబట్టి ఒక్క దీవిని ఎంచుకుని పూర్తిగా చేయండి, మిగతా నాలుగింటికి ఆ గడుల్లో ‘లెక్కించలేదు’ అని రాయండి. గైడు గారు ఆ గడులు నింపమంటే జమైకా అంకె అతికించకుండా, మడ వెనకాల ఏ ఆస్తులు ఉన్నాయో తెలియకపోవడమే కారణమని రాసి చూపించండి.